ఎత్తు పళ్ల వెనక ఇరుకు దారి: ఒక కేస్ స్టడీ

ఆయన నా దగ్గరికి వచ్చింది ఎత్తు పళ్ల కోసం. వయసు 33, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇల్లు నిజాంపేటలో. కూకట్‌పల్లిలో నేను పళ్ల వరస, దవడలు సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌ని; నా క్లినిక్‌కు వచ్చేసరికే ఇంకోచోట చూపించుకున్నారు. పైన రెండు, కింద రెండు ప్రీమోలార్ పళ్లు (కోరపళ్ల వెనకవి) తీసేసి, ముందు పళ్లను క్లిప్పులతో లోపలికి లాగుదామని అక్కడ చెప్పారట. "ఆ నాలుగు పళ్లు తీయడం అవసరమా మేడమ్? అదొక్కటి చెప్పండి చాలు" అన్నారు. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మా అసిస్టెంట్ పళ్ల అచ్చులు తీయడానికి సామాను సర్దుకుంటుండగానే ఆయనకు కునుకు పట్టింది. అప్పుడు పొద్దున పదకొండు. డెంటల్ కుర్చీలో ఎక్కువమంది బిగుసుకుని కూర్చుంటారు, టెన్షన్‌తో చెయ్యి పిడికిలి వదలరు. ఆయన మాత్రం రెండు నిమిషాల్లో నోరు తెరుచుకుని నిద్రలోకి జారిపోయారు. లేపి అడిగితే నవ్వేసి, "ఇది మామూలే మేడమ్" అన్నారు. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారాల్సిన మనిషి, రెండుసార్లు ఎల్బీ నగర్‌లో కళ్లు తెరిచారట. అమీర్‌పేటలో మారాక ఇక ఇబ్బంది లేదు, రాయదుర్గమే చివరి స్టేషన్ కదా, ఎవరో ఒకరు లేపుతారు అన్నారు. ఔటర్ మీద కారు నడుపుతున్నప్పుడు ఎప్పుడైనా ఇలా జరిగిందా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, భార్య వైపు చూశారు.

ఆమె చెప్పిన మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను. "గురక అలవాటైపోయింది మేడమ్. మధ్యలో ఆగిపోతది చూడండి, అప్పుడే నాకు భయం. మళ్లీ ఎప్పుడు గాలి తీసుకుంటరా అని లెక్క పెట్టుకుంట పడుకుంట."

గురకలో శబ్దం కంటే ఆ శబ్దం ఆగిపోవడమే ముఖ్యమైన లక్షణం. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, పది సెకన్లో అంతకంటే ఎక్కువో గాలి ఆగిపోతే దాన్ని అప్నియా అంటారు. రాత్రంతా ఇలా పదేపదే జరిగితే అది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అనే జబ్బు. దానివల్ల బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది, పగలు మత్తు వదలదు.

కానీ ఆయన లావుగా లేరు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, బీఎంఐ 22.3. మెడ చుట్టుకొలత 37 సెంటీమీటర్లు. బీపీ మామూలుగానే ఉంది. మత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కేల్‌లో 24కి 14 వచ్చింది. 10 దాటితేనే పట్టించుకోవాలి. స్లీప్ అప్నియా అనుమానించడానికి మేం వాడే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నావళిలో మాత్రం 8కి 4 వచ్చింది, అంటే మధ్యస్థ ప్రమాదమే. గురక, పగటి అలసట, గాలి ఆగడం ఎవరైనా చూడడం, మగవాడు కావడం, ఈ నాలుగే. మిగతావి బీపీ, బీఎంఐ, వయసు, మెడ. ఆ ఎనిమిది ప్రశ్నల్లో దవడ గురించి ఒక్కటీ లేదు. సన్నగా ఉన్న మనిషి ఈ జల్లెడలోంచి జారిపోవడానికి ఇది ఒక కారణం. రెండేళ్లలో ఇద్దరు డాక్టర్ల దగ్గర అలసట గురించి చెప్పుకుంటే విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించి పంపారట. వాళ్లను తప్పుపట్టను. ముఖాన్ని పక్కనుంచి చూసే అలవాటు మా వృత్తిది, వాళ్లది కాదు.

పక్కనుంచి చూస్తే

పక్కనుంచి చూడగానే గడ్డం వెనక్కి ఉందని ఎవరైనా చెప్పగలరు. ముఖం పొడుగు, పెదవులు వాటంతట అవి కలవవు, మూయమంటే గడ్డం మీది చర్మం ముడతలు పడుతుంది. అంగిలి ఇరుకుగా, గోపురంలా పైకి ఉంది. నోరు తెరిచి నాలుక బయట పెట్టమంటే కొండనాలుక మొదలు మాత్రమే కనిపించింది. పై ముందు పళ్లు కింది పళ్లకంటే 8 మి.మీ. ముందుకు ఉన్నాయి. అంటే పళ్లు ఎత్తుగా కనిపిస్తున్నాయి గానీ, పై దవడ దాదాపు ఉండాల్సిన చోటే ఉంది. వెనకబడింది కింది దవడ.

లాటరల్ సెఫలోగ్రామ్, అంటే తలను పక్కనుంచి తీసే ఎక్స్‌రే, అదే చెప్పింది. ఈ పద్ధతిని 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ విడివిడిగా ప్రవేశపెట్టారు. నేటికీ మా పనికి అదే పునాది. పై దవడ స్థానం చెప్పే ఎస్ఎన్ఏ కోణం 80 డిగ్రీలు, స్టైనర్ అనే ఆర్థోడాంటిస్ట్ లెక్కలో మామూలు 82. కింది దవడ చెప్పే ఎస్ఎన్‌బీ 73, మామూలు 80. రెండింటి తేడా ఏఎన్‌బీ 7, ఉండాల్సింది 2 దగ్గర. ఈ ప్రమాణాలు అమెరికన్ ముఖాలను చూసి పెట్టినవి. మన దక్షిణాది ముఖాల్లో పళ్లూ పెదవులూ కాస్త ముందుకు ఉండడం మామూలే కాబట్టి ఒకటి రెండు డిగ్రీల తేడాకు నేను కంగారు పడను. ఏడు డిగ్రీలంటే మాత్రం సర్దిచెప్పుకునేది కాదు. దవడ వాలు చెప్పే ఎఫ్ఎంఏ 34 డిగ్రీలు, మామూలు 25. దవడ వెనక్కి ఉండడమే కాదు, కిందికి కూడా తిరిగి ఉందన్నమాట.

అదే ఎక్స్‌రేలో గాలి దారి కూడా కనిపిస్తుంది. మెక్‌నమారా 1984లో సూచించిన కొలతల ప్రకారం, మెత్తని అంగిలి వెనక దారి పెద్దవాళ్లలో సగటున 17 మి.మీ. పైచిలుకు, నాలుక మొదలు వెనక దారి 11 నుంచి 13 మి.మీ. దాకా ఉంటాయి. ఈయనకు పైన 11, కింద 7. కింది దవడ అంచు నుంచి, నాలుక మొదలు కింద ఉండే హయాయిడ్ ఎముకకు దూరం 15 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి, ఈయనకు 23.

దవడకూ గొంతుకూ ఉన్న ముడి

ముక్కు లోపలి దారి చుట్టూ ఎముక ఉంది. స్వరపేటిక, దాని కింద గాలిగొట్టం మృదులాస్థి కట్టుతో నిలబడి ఉంటాయి. ఈ రెండింటి మధ్య, గట్టి అంగిలి ఎక్కడ అయిపోతుందో అక్కడి నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతు భాగానికి ఎముక గూడు లేదు. వెనక మెడ వెన్నుపూసలు, ముందు అంగిలి కండ, నాలుక, పక్కల కండరాలు, అంతే. మాట్లాడాలన్నా మింగాలన్నా ఆ దారి ముడుచుకుని విచ్చుకోవాలి కాబట్టి అది మెత్తగా ఉండక తప్పదు. నిద్రలో ఇబ్బంది పెట్టేదీ ఆ మెత్తదనమే.

నాలుకలో అన్నిటికంటే పెద్ద కండరం జీనియోగ్లాసస్. అది కింది దవడ లోపలివైపు, సరిగ్గా గడ్డం వెనక అంటుకుని ఉంటుంది. దవడ ఏడు మి.మీ. వెనక ఉంటే నాలుకను కట్టిన గుంజ ఏడు మి.మీ. వెనక ఉన్నట్టే. నాలుక చిన్నదైపోదు కదా, ఎటో ఒకవైపు పోవాలి. వెనక్కి, కిందికి పోతుంది. హయాయిడ్ ఎముక ఇంకే ఎముకతోనూ కీలు లేకుండా కండరాల మీద వేలాడే ఎముక కాబట్టి నాలుకతో పాటు అదీ కిందికి దిగుతుంది. మెలకువలో జీనియోగ్లాసస్ బిగువుగా ఉండి, ప్రతి శ్వాసకూ నాలుకను ముందుకు లాగి పట్టుకుంటుంది. ఈయనలాంటివాళ్లలో ఆ కండరం పగలంతా మామూలుకంటే ఎక్కువ కష్టపడుతుంది. నిద్రపట్టగానే బిగువు తగ్గుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక బరువు కూడా తోడవుతుంది.

ఇరుకు కొంచెమే కదా అనుకోకూడదు. నిలకడగా పారే గాలికి గొట్టం ఇచ్చే అడ్డు, వ్యాసార్థం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుందని ప్వాజోయ్ సూత్రం. వ్యాసార్థం సగమైతే అడ్డు 16 రెట్లవుతుంది. గొంతు గుండ్రని గట్టి గొట్టం కాదు కాబట్టి ఆ లెక్క అచ్చంగా వర్తించదు. కానీ ఒకటి రెండు మి.మీ. దగ్గర ఎందుకు ఆగి చూస్తామో దానివల్ల అర్థమవుతుంది.

పెద్దవాళ్ల ముఖాలను వర్గాలుగా విడదీసి గాలి దారి కొలిస్తే, సగటున కింది దవడ వెనక్కి ఉన్నవాళ్లకు నాలుక వెనక దారి ఇరుకు, దవడ ముందుకు ఉన్నవాళ్లకు విశాలం. పొడుగు ముఖాల్లో, దవడ కిందికి వాలినవాళ్లలో మెత్తని అంగిలి వెనక కూడా ఇరుకు ఎక్కువగా కనిపిస్తుంది. ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే స్లీప్ అప్నియా రావడానికి ముఖం ఎముకల తీరు ఒక కారణమని నిపుణులు భావిస్తున్నారు. అయితే ఇవన్నీ సగటు మాటలు. ఒక వర్గానికీ ఇంకో వర్గానికీ కొలతలు చాలా కలిసిపోతాయి. ఆ సంగతి ఈ కుటుంబమే నాకు కళ్లారా చూపించింది, ముందు ముందు చెబుతాను.

రెండు స్కానులు, రెండు కథలు

ఆయన ఫైల్లో అప్పటికే ఒక సీబీసీటీ, అంటే తలను అన్ని వైపుల నుంచీ చూపే త్రీడీ ఎక్స్‌రే స్కాన్, ఉంది, వేరే సెంటర్‌లో తీసింది. అందులో గొంతు అన్నిటికంటే ఇరుకైన చోట 31 చదరపు మి.మీ. మాత్రమే ఉన్నట్టు రిపోర్టు. సాఫ్ట్‌వేర్ ఇరుకు చోటును ఎర్రగా, విశాలమైన చోటును వేరే రంగులో చూపిస్తుంది. ఆ ఎర్ర బొమ్మ ప్రింటు చేసి చేతిలో పెట్టారు. దాన్ని చూసిన దగ్గర్నుంచి ఆయన భార్యకు రాత్రిళ్లు నిద్ర లేదు.

బొమ్మలు తెరిచి చూస్తే, గడ్డం పట్టీ మీద ఆనిన తల కిందికి వంగి ఉంది. హయాయిడ్ ఎముక అంచు రెండుగా చెదిరినట్టు కనిపించింది, అంటే స్కాన్ మధ్యలో మింగారు. మింగేటప్పుడు ఎవరి గొంతయినా మూసుకుంటుంది. తల కొంచెం వంచినా ఇరుకవుతుంది, కొంచెం ఎత్తినా విశాలమవుతుంది. సర్జరీ ప్లానింగ్ కోసం ఎలాగూ స్కాన్ కావాల్సి వచ్చినప్పుడు, ఐదు నెలల తర్వాత, తల సహజంగా నిలిపి, పళ్లు కలిపి, నాలుక అంగిలికి ఆనించి, మింగకుండా తీయించాను. అదే చోట 64 చదరపు మి.మీ. వచ్చింది. మనిషి అదే, దవడ అదే, కొలత రెండింతలు.

64 కూడా తక్కువే. కానీ ఇక్కడ మా వృత్తివాళ్లకూ పేషెంట్లకూ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సీబీసీటీ మెలకువలో, కూర్చున్నప్పుడో నిలబడినప్పుడో, కొన్ని సెకన్లలో తీసే బొమ్మ. జబ్బు వచ్చేది నిద్రలో, పడుకున్నప్పుడు, గంటల తరబడి. ఎర్ర రంగు చూపించి స్లీప్ అప్నియా ఉందని చెప్పడం తప్పు. అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో విడుదల చేసిన శ్వేతపత్రం కూడా ఇలాంటి బొమ్మలతో ఈ జబ్బును నిర్ధారించకూడదనే చెప్పింది. నిర్ధారణకు స్లీప్ స్టడీ కావాలి, చెప్పాల్సింది స్లీప్ మెడిసిన్ తెలిసిన డాక్టర్. ముఖం చూసి నేను చేయగలిగింది, ఎవరిని ఆ పరీక్షకు పంపాలో గుర్తుపట్టడం.

కాబట్టి క్లిప్పుల మాట పక్కన పెట్టి ఆయన్ను మొదట పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గరికి పంపాను. రాత్రంతా చేసిన స్లీప్ స్టడీ, అంటే పాలీసోమ్నోగ్రఫీలో ఏహెచ్ఐ, అంటే గంటకు సగటున ఎన్నిసార్లు గాలి ఆగిందో తగ్గిందో చెప్పే లెక్క, 27 వచ్చింది. 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఆక్సిజన్ 82 శాతం దాకా పడిపోయింది. వెల్లకిలా ఉన్నప్పుడు గంటకు 41, పక్కకు తిరిగి ఉన్నప్పుడు 12.

నాలుగు పళ్ల ప్రశ్న

పళ్లు తీసి లోపలికి లాగితే గాలి దారి ఇరుకై జబ్బు వస్తుందనే భయం ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. అందుకు సరైన ఆధారం లేదని ఆ 2019 పత్రమే చెప్పింది, నేనూ ఒప్పుకుంటాను. ఎందరికో ప్రీమోలార్లు తీసే వైద్యం చేశాను, ఇంకా చేస్తాను. ఈయనకు వద్దనడానికి కారణం వేరు. పై పళ్లను వెనకబడ్డ దవడ దాకా తెచ్చి కలిపేస్తే, ఆ తర్వాత దవడను ముందుకు తేవడానికి చోటు మిగలదు. ఆ 8 మి.మీ. సందు ఆయనకు కనిపించే లోపం, సర్జన్‌కు అది దవడ ముందుకు నడిచే దారి. దాన్ని మూసేస్తే దవడ సర్జరీ తలుపు మూసినట్టే.

ముందు సీప్యాప్ మొదలుపెట్టారు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో, మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి గొంతును తెరిచి ఉంచుతుంది. మొదటి పది రోజులు ఆయన మాస్కు పీకేశారు. ఈఎన్‌టీ చూస్తే ముక్కు దూలం వంకర, పైగా అలర్జీ. స్ప్రేతో ముక్కు తెరుచుకున్నాక రాత్రికి ఐదారు గంటలు పెట్టుకోగలిగారు. మత్తు తగ్గింది. జీవితాంతం మాస్కుతో ఉండగలనా అన్నది ఆయన ప్రశ్న. దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం గురించీ మాట్లాడాం. ఎముకలోనే ఇంత తేడా ఉండి, పళ్లు కూడా సరిచేయాలని ఉన్న 33 ఏళ్ల మనిషికి, ఆలోచించుకోవడానికి మూడు నెలలు సమయం ఇచ్చి, రెండు దవడలూ ముందుకు తెచ్చే సర్జరీని ఎంచుకోవచ్చని చెప్పాను. ఆ మూడు నెలలూ ఆయన భార్య ప్రశ్నలు రాసుకుని వచ్చేవారు. "పెదవి మొద్దుబారితే మళ్లీ వస్తదా?" అన్నది మొదటిది.

క్లిప్పులు వేసి 14 నెలలు సర్జరీకి సిద్ధం చేశాను. పేషెంట్లకు చాలా కష్టంగా ఉండే దశ ఇది. వెనకబడ్డ దవడను కప్పిపుచ్చడానికి కింది పళ్లు ఏళ్లుగా ముందుకు ఒరిగి ఉంటాయి. వాటిని నిటారుగా నిలబెట్టాలి. అందుకు కింద రెండు ప్రీమోలార్లు తీశాను, పైన ఏమీ తీయలేదు. ఫలితంగా 8 మి.మీ. సందు 10 అయింది. ఎత్తు పళ్లు తగ్గించమని వచ్చిన మనిషికి అవి ఇంకా ఎత్తుగా కనిపించాయి. కరీంనగర్ నుంచి వచ్చిన వాళ్లమ్మ నన్ను నిలదీసినంత పని చేశారు. ఎక్స్‌రే ముందు పెట్టి అరగంట వివరించాక, "సరే బిడ్డా, నువ్వు చెప్పినట్టే కానియ్యి" అన్నారు.

సర్జరీలో పై దవడ 4 మి.మీ., కింది దవడ 12 మి.మీ. ముందుకు తెచ్చి, వాలు తగ్గేలా తిప్పి, ప్లేట్లతో బిగించారు. పై దవడ బాగానే ఉన్నప్పుడు దాన్ని ఎందుకు కదపాలని అడుగుతారు. కింది దవడ కదిలితే నాలుక ముందుకొస్తుంది. మెత్తని అంగిలి ముందుకు రావాలంటే పై దవడ కూడా కదలాలి. ఎడమవైపు కింది పెదవి, గడ్డం ఐదు నెలలు మొద్దుబారి ఉన్నాయి, ఇప్పటికీ ఒక చిన్న చోట స్పర్శ పూర్తిగా రాలేదు. ఈ సంగతి ముందే చెప్పి సంతకం తీసుకున్నాం, అయినా ప్రతి విజిట్‌లో ఆయన ఆ చోటు తడుముకోవడం చూస్తే నాకు కష్టంగానే ఉంటుంది.

ఆరు నెలల తర్వాత సీప్యాప్ లేకుండా చేసిన స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ 6, ఆక్సిజన్ కనిష్ఠం 91 శాతం. ఎప్‌వర్త్ 5. గొంతు ఇరుకు చోట 151 చదరపు మి.మీ. ఏహెచ్ఐ ఇంకా 5 కిందికి రాలేదు కాబట్టి, వెల్లకిలా పడుకోవద్దని, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలని పల్మనాలజిస్ట్ చెప్పారు.

చెల్లెలి ఎక్స్‌రే

సర్జరీకి ముందే ఆయన చెల్లెలు వచ్చింది. 28 ఏళ్లు, సన్నగా ఉంటుంది. అదే ముఖం, అదే గడ్డం. "అన్నయ్యకు ఉన్నదే నాకూ ఉందేమో మేడమ్" అని భయంతో వచ్చింది. ఏఎన్‌బీ 6.5, ఎఫ్ఎంఏ 35, నాలుక వెనక దారి 7.5 మి.మీ. ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. గురక లేదని భర్త చెప్పాడు, మత్తు లేదు. అయినా అన్నయ్య సంగతి తెలుసు కాబట్టి స్లీప్ స్టడీ చేయించాం. ఏహెచ్ఐ 3.

ఈ ఒక్క అంకె నా ఆలోచనను చాలా సరిచేసింది. గూడు ఇరుకు కావడం ఒక సంగతి, నిద్రలో ఆ గూడులోని కండరాలు ఎంత బిగువుగా ఉంటాయి, దారి ఎంత తేలిగ్గా కూలుతుంది, మెదడు ఎంత త్వరగా మేల్కొంటుంది అన్నవి వేరే సంగతులు. ఆడవాళ్లకు నెలసరి ఆగేదాకా ఈ జబ్బు నుంచి కొంత రక్షణ కూడా ఉంటుంది. నా సెఫలోగ్రామ్‌లో కనిపించేది ఇందులో మొదటిది మాత్రమే. ఆమెకు గాలి దారి కోసం ఏ వైద్యమూ చేయలేదు. వంకర పళ్లు సరిచేశాను, అంతే. బరువు పెరిగినా, గురక మొదలైనా, గర్భం వచ్చినా మళ్లీ చూడాలని ఫైల్ మీద రాసిపెట్టాను.

వాళ్లమ్మ ఒక రోజు ఇంకో మాట చెప్పారు. కొడుకు చిన్నప్పుడు ఎప్పుడూ జలుబే, నోరు తెరుచుకునే పడుకునేవాడు, బడిలో కునికేవాడు. ముక్కు మూసుకుపోతే ముఖం ఎదుగుదల మారుతుందా అన్నది పాత ప్రశ్న. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగిన పిల్లల ముఖాలను స్వీడన్‌లో లిండర్ ఆరన్సన్ 1970లో కొలిచి చూపించారు. కోతుల ముక్కులు మూసి నోటితో ఊపిరి పీల్చేలా చేస్తే దవడలు మారాయని హార్వోల్డ్ అనే పరిశోధకుడు చూపించారు, అయితే అన్ని కోతుల్లో ఒకే రకంగా మారలేదు. ఈయన విషయంలో ఎంత వంశపారంపర్యమో, ఎంత చిన్ననాటి ముక్కు దిబ్బడో ఇప్పుడు విడదీయలేం. అదే ముఖంతో చెల్లెలు కూడా ఉంది కాబట్టి వంశం పాలు ఎక్కువేనని నా అంచనా.

కిందటి నెల చెకప్‌కు ఆయన ఐదేళ్ల కొడుకును వెంట తెచ్చారు. పిల్లాడు వెయిటింగ్ రూములో ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, పెదవులు విడివడి ఉన్నాయి. "రాత్రి గురక పెడతాడా?" అని అడిగాను. ఆయన భార్య తల ఊపారు. నిద్రలో అటూ ఇటూ పొర్లుతాడు, పక్క తడుపుతాడు అన్నారు. వాడి వయసుకు గడ్డం ఎలా ఉందో ఇప్పుడే చెప్పలేను, ఎక్స్‌రే కూడా తీయలేదు. అడినాయిడ్స్, టాన్సిల్స్ చూడమని ఈఎన్‌టీకి చీటీ రాసిచ్చాను. నిద్రపోతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి, అక్కడికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లమన్నాను. వచ్చే సోమవారం అపాయింట్‌మెంట్.